గొంతు పాఠం

ఎవరి గొంతునైనా ఎవరైనా తొడుక్కోగలిగే రోజులొచ్చాక మా రెండో తరగతికి గొంతు పాఠం పెట్టారు. ఐదో ఎక్కం రాకపోయినా ఊరుకుంటాను గాని, ఈ పాఠం రాకపోతే ఊరుకోను. ఫోనులో ఎవరు రమ్మన్నా, జరగని పని ఒకటి జరిగినట్టుగా అడగాలి. మనవాళ్లయితే అలా జరగలేదంటారు. జూన్ నుంచి ఇదే నూరిపోస్తున్నాను.

ఆ మధ్యాహ్నం క్లాసులో యామిని మెడలో వేలాడే ఫోను మోగింది. నేర్పినట్టే స్పీకర్ నొక్కింది.

"బుజ్జీ, నాన్న బండి మీంచి పడ్డారే. వెనక గేటు దగ్గర ఆటో పెట్టాను, పరిగెత్తుకు రా తల్లీ!"

అచ్చం వాళ్లమ్మ మంగతాయారే. ఆసుపత్రిలో నర్సు. ఆ ఆయాసం కూడా ఆమెదే.

యామిని నాకేసి చూసి నవ్వింది. నేను దొంగ ఫోను చేయించి పెట్టే గొంతు పరీక్ష ఇవాళే వచ్చేసిందనుకుంది. పరీక్ష రేపు. నిజంగా తల్లే అయితే? కాకపోతే, నోరు విప్పగానే నా గొంతూ ఆ దొంగలకి చిక్కుతుంది.

"అమ్మా, పొద్దున నువ్వు కట్టిన రిబ్బన్లు ఏ రంగు?"

తల్లి తెల్లారకముందే డ్యూటీకి వెళ్లిపోయింది. అలాంటి రోజుల్లో జడలు వేసేది నాన్న. అందుకే ఇవాళ ఒకటి పైకి, ఒకటి కిందకి ఉన్నాయి.

"ఎర్రవి బంగారం. తొందరగా రా!"

రిబ్బన్లు ఎర్రవే. అంటే పొద్దున ఎవరో పిల్లని చూశారు.

యామిని ఫోను కట్ చేసింది. వెనక గేటు అవతల ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"పాసయ్యానా టీచర్?"