కొనొద్దన్న బ్రోకరు

“ఈ ఇల్లు మాత్రం వద్దండీ” అంది బ్రోకరమ్మ.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నెలల తరబడి ఆవిడ వెంట తిరుగుతున్నారు. ఇల్లు నచ్చితే ధర అందదు. ధర అందితే ఇల్లు నచ్చదు. ఇవాళ దారిలో ‘ఇల్లు అమ్మబడును’ బోర్డు చూసి వాళ్ళే ఆగారు. మూడు గదులు, కొత్తగా వేసిన సున్నం, వెనక కాస్త ఖాళీ స్థలం. ధర కూడా అందేలానే ఉంది.

ఆవిడ గేటు దాటి లోపలికి రానేలేదు.

“ఎందుకొద్దు?” అన్నాడు భర్త.

“నేల కింద నీరుందండీ. వానలు పడితే గోడలు నానిపోతాయి. మీ అమ్మగారికి ఆయాసం అన్నారు కదా.”

“మీకెలా తెలుసు?”

ఆవిడ గేటుకి వీపు తిప్పింది.

“వానాకాలం దాకా ఆగండి. అప్పుడొచ్చి ఒకసారి చూడండి, తర్వాత మీ ఇష్టం.”

ఇంటికొచ్చాక భర్త నవ్వాడు. అతను బట్టల షాపులో సేల్స్‌మన్.

“కౌంటర్లో నేను రోజూ చేసే పనే ఇది. ఒకటి బాలేదన్నామంటే, పక్కనున్న ఖరీదైనది అంటగట్టడానికే. ఈ ఓనరు కమీషన్ తక్కువిస్తానని ఉంటాడు.”

“మొహం చూస్తే అలాంటి మనిషిలా లేదండీ” అంది భార్య.

“మొహం చూసి ఇల్లు కొంటామా?”

మర్నాడే ఓనరుకి ఫోన్ చేశాడు.

“మధ్యలో ఆవిడెందుకు సార్? ఆ కమీషనేదో మీకే తగ్గిస్తాను” అన్నాడు ఓనరు.

నెల తిరక్కుండానే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఓ రోజు వీధిలో బ్రోకరమ్మ ఎదురుపడింది. కమీషన్ అడుగుతుందేమోనని ఇద్దరూ మొహం తిప్పుకున్నారు.

“అమ్మగారిని వెనకగదిలో పడుకోబెట్టకండి. మంచం కింద ఇటుకలు పెట్టించండి” అని మాత్రం చెప్పి వెళ్ళిపోయిందావిడ.

“కడుపుమంట” అన్నాడు భర్త.

తొలి వానకి నేల చెమర్చింది. తర్వాతి వానకి బండల సందుల్లోంచి నీళ్ళు ఊరాయి. గోడలకి, బీరువాలో బట్టలకి కూడా బూజు పట్టింది.

తల్లికి ఊపిరాడలేదు. ఆస్పత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి, వానలు వెలిసేలోగా ఆమె పోయింది.

“ఈ ఇంట్లో నేనుండలేను” అంది భార్య.

“అద్దెకు పోతే బ్యాంకు వాయిదా ఎక్కణ్ణుంచి తెస్తాం? అమ్మేయాల్సిందే.”

బ్రోకరమ్మను వెతుక్కుంటూ వెళ్ళారు. ఆవిడ గదికి తాళం వేసి ఉంది.

“ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయిందండీ” అన్నాడు పక్కగదిలోని టైలరు. “కొనొద్దని చెప్పే బ్రోకరు దగ్గరికి ఎవరొస్తారు? గది అద్దె కూడా పుట్టలేదు పాపం.”

ఇంకో బ్రోకరు దొరికాడు. ఇల్లంతా తిరిగి చూసి పెదవి విరిచాడు.

“రెండింతల కమీషనైతే చెప్పండి. ఎండలు ముదిరాక సున్నం కొట్టించి కబురు పెట్టండి. మిగతాది నేను చూసుకుంటా. మీరు మాత్రం నోరు విప్పకూడదు.”

సరేనన్నారు.

ఎండాకాలంలో అతను ఓ కుర్ర జంటను తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి చంకలో పాప నిద్రపోతోంది.

“వానాకాలంలో ఎలా ఉంటుందక్కా?” అని అడిగిందా అమ్మాయి.

భార్య ఏదో చెప్పబోయింది.

“హాయిగా ఉంటుందమ్మా” అన్నాడు భర్త.

భార్య తల దించుకుంది.

సాయంత్రానికల్లా అడ్వాన్సు ముట్టింది.

గేటు దగ్గర కూలబడి భార్య ఏడుస్తుంటే చూసి, ఎదురింటి పెద్దాయన వచ్చాడు.

“మేం కొనేముందు ఒక్క మాట చెప్పకపోయారా బాబాయిగారూ?” అంది.

“బేరం చెడగొట్టానని ఒకసారి ఆ ఓనరు నా చొక్కా పట్టుకున్నాడమ్మా. అప్పట్నుంచి నోరు మూసుకున్నా. ఆ బ్రోకరమ్మే భయపడకుండా అందరికీ చెప్పేది.”

“కమీషన్ కోసం చెబుతోందనుకున్నాం.”

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

“మీకంటే ముందు ఈ ఇల్లు కొన్నది ఆవిడేనమ్మా. ఈ చెమ్మకే కూతురు పోయాక, ఇంకొకళ్ళకి అంటగట్టడానికి మనసొప్పక, సగం ధరకే ఆ ఓనరుకి తిరిగిచ్చేసింది.”