వేళ్ళ మీద వెలుగు

విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గరి దీపాల కొట్టులో పెట్టె మూత తియ్యగానే, గుప్పెడు దీపాలు పిచ్చుకల్లా ఎగిరి వీణ హైమవతి చుట్టూ చేరాయి.

"రాగాన్ని బట్టి రంగులు అవే మారుస్తాయమ్మా. ఇప్పుడు ఏ కచేరీకైనా ఇవే," అంది కొట్టు అమ్మాయి.

హైమవతికి తెలియకేం! పోయినసారి ఆ రంగుల హడావిడిలో ఆమె వేళ్ళు కనపడకే, ముందు వరసలో కూర్చున్న భర్త భానుమూర్తి తాళం తప్పాడు. పక్కవాళ్ళు నవ్వారు. చెవులు పోయినా వినికిడి యంత్రం పెట్టించుకోనని మొండికేసిన మనిషి. ఆయన వీణ వినేది కళ్ళతోనే. అప్పట్నుంచీ కచేరీలకి రానంటున్నాడు. ఇవాళ బతిమాలి ఈ కొట్టుకి తీసుకొచ్చింది.

"ఎగరనిది, సంచిలో పట్టేది ఒక్కటియ్యి తల్లీ. నా మొహం చీకట్లో ఉన్నా ఫరవాలేదు."

"ఇది పిల్లలు చదువుకునే దీపం, చిన్నతనంగా ఉండదూ?" అంటూనే ఇచ్చిందా పిల్ల.

హైమవతి వెంట తెచ్చిన వీణ అందుకుని, దీపం మెడ తీగలమీదికి వంచి వాయించసాగింది. గుమ్మంలో ముభావంగా కూర్చున్న భానుమూర్తి చూపు ఆమె వేళ్ళ మీద ఆగింది. కాసేపటికి ఆయన అరచెయ్యి తనంతట తనే తొడ మీద తాళం వెయ్యసాగింది.

"పరిగెడుతున్నావు హైమా, నిదానం!" అని కొట్టంతా వినపడేలా కసిరాడు.

"ఇదే కట్టియ్యమ్మా," అంది హైమవతి, వేళ్ళు ఆపకుండానే.