విప్పేసిన హీటర్ మోటారు

దగ్గరికి జరుగు తల్లీ, చెబుతాను. నారిన్ కనుమలో మంచు పడుతుంటే ఒక ముసలమ్మ కారు ఆపమని చెయ్యెత్తింది. సీటు తడిసిపోతుందని డ్రైవరు ఎజెన్‌బెక్, "హీటర్ పాడైందమ్మా, గడ్డకట్టిపోతావు," అని బొంకి వచ్చేశాడు. ఇల్లు చేరేసరికి హీటర్ నిజంగానే ఆగిపోయింది.

చీకట్లో, డాష్‌బోర్డు కింద తల దూర్చి పాత మోటారు విప్పుతుంటే భార్య ఝిబెక్ టీ తెచ్చింది.

"దారిలో ఎవరైనా చెయ్యెత్తారా?"

"ఈ చలిలో ఎవరొస్తారే," అన్నాడు తలెత్తకుండా.

"అవున్లే, కనుమలో మనిషిని వదిలొచ్చే వంశమా మనది," అని నవ్వి వెళ్లింది.

ఆ నవ్వుకు అతని చెవులు కాలిపోయాయి. వైరు పీకి మోటారు బయటికి తీశాడు. అయినా లోపలినుంచి వెచ్చని గాలి వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది, ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. భార్యను పిలిచి నిజం చెప్పాలనుకున్నాడు. సిగ్గేసి మళ్లీ డాష్‌బోర్డు కిందికే తల దూర్చాడు.

"నాకిప్పుడు చలి లేదు బాబూ," అంది ఆ గాలి, కనుమలో వదిలొచ్చిన ముసలమ్మ గొంతుతో.

ఇది మరవకు తల్లీ. నీ పిల్లలు స్టీరింగు పట్టేముందు చెప్పు.