వెనక్కి నడుస్తూ ఊడ్చిన ఇసుక

అతిథుల పడవలు గది గుమ్మం దాకా రావాలట! అందుకని రిసార్టువాళ్లు మా పగడపు దీవి ఒడ్డు పక్కనే సముద్రాన్ని నిలువులోతు తవ్వేశారు. ఆ గుంట జమీలా అక్క కూతురు నాషాను మింగేసింది. శవం కూడా దొరకలేదు. అయినా చీకటి పడ్డాక నాతో కలిసి ఆ ఒడ్డును అక్కే ఊడవాలి. పొద్దున అతిథులకు ఇసుక కొత్తగా కనబడాలి కదా. మా అడుగులు కూడా మిగలకుండా ఇద్దరం వెనక్కి నడుస్తూ ఊడుస్తాం.

నిన్న, ఊడ్చిన ఇసుక మీద చిన్న తడి అడుగు పడింది. దాని ముందు ఇంకొకటి. మా వైపే వస్తున్నాయి.

“చెరిపెయ్యక్కా! మేనేజరు చూశాడంటే ఇద్దర్నీ పంపించేస్తాడు!”

“నోర్ముయ్యవే. నా బిడ్డను నా చేత్తోనే తుడిచెయ్యమంటావా?”

అక్క చీపురు పారేసింది. అడుగులు ఆమె ఎదుటికొచ్చి ఆగాయి. అలల చప్పుడూ ఆగింది. అక్క గౌను అంచు తడిసి, చిన్న పిడికిలి పట్టుకున్నట్టు ముడుచుకుంది.