ఫ్రేములో పడ్డావిడ

“ఏమ్మా షమీమ్, పెళ్లికి వస్తూ సబ్బుపెట్టె పట్టుకొచ్చావేంటి?”

స్టూడియో యజమాని ప్రసన్నకుమార్ అలా అనేసరికి లైట్లు బిగిస్తున్నవాళ్లు కూడా పకపకా నవ్వారు.

షమీమ్ నవ్వలేదు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న కెమెరాని తాడుతో మణికట్టుకి తగిలించుకుంది. తంటా అంతా ఆ మణికట్టుతోనే. పెద్ద కెమెరా మోసి మోసి నరం పట్టేసింది. ఇంకా బరువులెత్తితే ఆ చెయ్యి పనికిరాకుండా పోతుందని బ్రాడీపేట డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆమెకి చెయ్యీ కావాలి, పనీ కావాలి.

“సబ్బుపెట్టయితే ఏంటన్నా? ఫొటో బాగా రావాలి, అంతేగా?”

“దీనికి వెనక బ్లర్ వస్తుందా? జనానికి కావాల్సింది అదేనమ్మా. ముందు మనిషి తప్ప వెనకదంతా కరిగిపోవాలి.”

“అన్నన్ని పూలు కట్టించుకున్నారు. అవి కరిగిపోతే వాళ్లకేం లాభం?”

ప్రసన్నకుమార్‌కి ఒళ్లు మండింది.

“సరే, ఇద్దరం తీద్దాం. పెద్ద ఫ్రేముకి పెళ్లికూతురు నీ ఫొటో ఎంచుకుంటే, ఇకమీదట నీ ఇష్టం. లేదంటే పెళ్లిళ్లు మర్చిపో. స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీసుకో.”

“కూర్చోను. రాసి పెట్టుకోండి.”

సత్తెనపల్లి శివార్లలో కల్యాణమంటపం. పొద్దుటి ముహూర్తం. పక్కనే మిరప కళ్లం. ఆ ఘాటుకి పంతులుగారు మంత్రానికీ మంత్రానికీ మధ్య తుమ్ముతున్నారు.

షమీమ్ ముందుగా కన్యాదానం పీటల మీదున్న దంపతుల్ని తీసింది. వాళ్ల పేర్లు కోటిరత్నం, అంకయ్య. తర్వాత పెళ్లికూతురు మాధవీలతని తీసింది. ప్రసన్నకుమార్ కెమెరా ఎత్తగానే అందరూ బిగుసుకుపోతున్నారు. షమీమ్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆమెకి హాయిగా ఉంది.

చిక్కల్లా ఒకావిడతో వచ్చింది.

వంటశాల వైపు నుంచి వచ్చి, సరిగ్గా వధూవరుల వెనక, స్తంభం పక్కన నిలబడింది. ఆకుపచ్చ నేతచీర, నడుముకి దోపిన కొంగు, గుప్పిట్లో అక్షింతలు. చిన్న కెమెరాలో వెనకున్నదేదీ కరగదు. షమీమ్ ఎటు తిరిగినా ఆవిడ స్పష్టంగా కనబడుతూనే ఉంది.

షమీమ్ వేదిక చుట్టూ తిరిగి ఆవిడ దగ్గరికి వెళ్లింది.

“అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? ఫ్రేములో పడుతున్నారు.”

“పడితే పడనీ తల్లీ.”

“వంటల దగ్గర మీకోసం చూస్తారేమో.”

“చూడనీ. తాళి కట్టేదాకా నేను కదలను. ఎవరు చెప్పినా కదలను.”

షమీమ్‌కి చిర్రెత్తుకొచ్చింది. పెళ్లి చూడాలని అంత సరదాగా ఉంటే ముందు కుర్చీలు లేవా? వాదించడానికి టైమ్ లేదు. గట్టిమేళం మొదలైంది. ఒక్క పరుగున ముందుకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, ఒంటిచేత్తో కెమెరా పైకెత్తి నొక్కింది.

ఆ క్షణంలోనే ఆవిడా చెయ్యెత్తి అక్షింతలు విసిరింది. పడనే పడింది ఫ్రేములో!

షమీమ్ మళ్లీ వెళ్లింది.

“తాళి కట్టేశారు కదమ్మా. ఇప్పుడైనా వెళ్లండి. మీకు దణ్ణం పెడతాను, నా పొట్ట కొట్టకండి.”

ఆవిడ షమీమ్ మొహంలోకి చూసింది.

“అయ్యో, నీ పొట్ట నేనెందుకు కొడతానమ్మా!”

ఎవరు చెప్పినా కదలనన్న మనిషి, గుప్పిట్లో మిగిలిన గింజలు కొంగున కట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ తర్వాత తలంబ్రాలు, ఉంగరాలాట, అన్నీ షమీమ్ కోరుకున్నట్టే వచ్చాయి.

వారం తర్వాత ఫొటోలు ఎంచుకోవడానికి మాధవీలత స్టూడియోకి వచ్చింది.

ప్రసన్నకుమార్ తాళి కట్టే ఫొటో తెర మీద పెట్టాడు. “చూడండమ్మా, వెనకదంతా ఎంత నున్నగా కరిగిపోయిందో!”

“ఈ ఆకుపచ్చ మరక ఏంటండీ?”

“ఎవరో నిలబడ్డారులెండి. కనబడకుండా తీశాను.”

“నాది కూడా చూడండి,” అంది షమీమ్, ఏమైతే అదైందని. “నా దాంట్లో ఆవిడ కనబడుతుంది. ముందే చెప్తున్నా.”

ఫొటో తెర మీదికి రాగానే మాధవీలత కుర్చీలోంచి లేచింది. వెనక స్తంభం, ఎత్తిన చెయ్యి, గాలిలో అక్షింతలు, ఆవిడ కళ్లల్లో నీళ్లు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

“ఇదే. పెద్ద ఫ్రేముకి ఇదే. మా హాల్లో పెడతాను. ఎవరేమన్నా సరే పెడతాను.”

“వెనకావిడని తీసేసి ఇస్తానమ్మా, ఎంతసేపు!”

“ముట్టుకోకండి!”

ప్రసన్నకుమార్ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. షమీమ్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

“ఈవిడ ఉన్నవి ఇంకా చూపించండి,” అంది మాధవీలత.

“ఇదొక్కటేనండీ. తర్వాత నేనే బతిమాలి పంపించేశాను. ఎవరండీ ఆవిడ? వంటావిడా?”

మాధవీలత తెర మీంచి చూపు తిప్పలేదు.

“పీటల మీద కూర్చున్నది మా పెద్దమ్మా పెదనాన్నా అండీ. నాన్న లేడని, శుభమా అంటూ ఎదురు రావద్దని, అందరూ కలిసి వంటశాలలో కూర్చోబెడితే, నాకు కూడా తెలియకుండా నా వెనకే వచ్చి నిలబడింది చూడండి, ఆవిడ మా అమ్మ.”