కిటికీ లేని నేలమాళిగ

సైనిక పాలన రోజుల్లో తన తాతను సైన్యం ఎత్తుకెళ్తే నాయనమ్మ ఊరంతా వెతికిన కథను రొసారియో నగరంలో గ్రాసియేలా వీడియో గేమ్‌గా చేసింది. విడుదలైన వారానికే తిట్లు మొదలయ్యాయి.

"ఆటలో ఈ రాజకీయాల కంపేంటి?" అన్నాడొకడు. "తుపాకీ ఇవ్వరా? ముసల్దాన్ని నడిపించలేక చస్తున్నాం" అన్నాడింకొకడు.

ఆమెతో కలిసి గేమ్ చేసిన ఫాబ్రిసియో మాతే తేనీరు కాచి అందించాడు. "వీళ్ళకి అమృతం పోసినా ఉప్పు తక్కువంటారు. సైనికుల యూనిఫాం తీసేద్దాం గ్రాసీ, పీడా పోతుంది."

"తీసేస్తే తాతను ఎత్తుకెళ్ళిందెవరు, దయ్యాలా?"

అంతలో ఆమె ఫోనుకు మరో కామెంటు వచ్చింది. "డెబ్బై రెండేళ్ళవాణ్ని. మనవరాలు ఆడుతుంటే చూశాను. అంతా అబద్ధం. ఖైదీల నేలమాళిగకి కిటికీ ఎక్కడిది? మెట్లు పదకొండే. తలుపు ఆకుపచ్చ. తెలియనివాళ్ళు గేములు చెయ్యకూడదు."

గ్రాసియేలా ఆ కామెంటును రెండోసారి చదివింది. ఆ నేలమాళిగను కూల్చేసి నలభై ఏళ్ళయింది. తాతతో సహా అందులోకి దింపిన ఖైదీల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. అదెలా ఉండేదో చెప్పేవాళ్ళు దొరక్క కిటికీని ఆమే ఊహించి పెట్టింది.

ఫోను దూరంగా నెట్టేసింది. కాసేపటికి మళ్ళీ తీసుకుని జవాబు రాసింది.

"తప్పులు దిద్దుకుంటాను సెన్యోర్. మీకింకా ఏమేం గుర్తున్నాయి?"