ఒక్క గీతా లేకుండా

పెట్టె మూత తీయగానే అల్లుడు ముక్కు మూసుకున్నాడు.

"ఛీ! దీన్ని గిటార్ అంటారా? పాతసామాన్లవాడు కూడా ముట్టుకోడు."

అతను కార్ల షోరూమ్‌లో సూపర్‌వైజర్. కొన్నవాళ్ళకి అప్పగించేముందు ప్రతి బండినీ ట్యూబులైట్ల కింద నిలబెట్టి గీతలు వెతకడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగం బుర్రకెక్కి చాలాకాలమైంది. చుట్టాలింటికి వెళ్ళినా ముందు బీరువా తలుపు మీద గీతలు చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు.

ఆ ఎలక్ట్రిక్ గిటార్ మామగారిది. ఒకప్పుడు హోటల్ బ్యాండులో వాయించేవారు. బ్యాండు చెదిరిపోయాక అది మెట్ల కింద గదిలో ఎలుకలకీ చెమ్మకీ వదిలేసినట్టు పడి ఉంది. ఇప్పుడా హోటల్ హాలును కూల్చేస్తున్నారు. ఈలోగా ఒక్క సాయంత్రం పాతవాళ్ళందరూ కలిసి అక్కడ చివరిసారి వాయించాలనుకున్నారు. ఆ కబురు విన్నప్పట్నుంచీ మామగారికి తిండి కూడా సయించడం లేదు. గాల్లో వేళ్ళు ఆడించుకుంటూ కూర్చుంటున్నారు. ఆయనకి తోడుగా అల్లుడి భార్య పుట్టింటికి వెళ్ళింది. గిటార్ బాగుచేసే పని అల్లుడు తన నెత్తిన వేసుకున్నాడు.

"శబ్దం వస్తే చాలు బాబూ," అన్నారు మామగారు పెట్టె అప్పగిస్తూ. "మిగతాదంతా ఎలా ఉన్నది అలాగే ఉండనీ."

ఉత్త మొహమాటం మనిషి, అనుకున్నాడు అల్లుడు.

శబ్దం సంగతి ఎంతసేపు? లోపల వైరొకటి ఊడింది. టంకం పెట్టగానే పలికింది. తుప్పు పట్టిన తీగలు తీసి కొత్తవి బిగించాడు. అక్కడితో ఆగే మనిషైతే ఈ కథే లేదు.

అసలు దరిద్రమంతా పైన ఉంది. రెండు నాబుల్లో ఒకదానికి, దెబ్బకి కట్టు కట్టినట్టు, దారం చుట్టారు. రెండోదాన్ని వదిలేశారు. స్విచ్‌కి అగ్గిపుల్ల ముక్క అతికించారు. అంచు దగ్గర ఎండిపోయిన జిగురు బొట్టు. అన్నిటికంటే ఘోరం మెడ. దాని పొడవునా పై అంచున ఎవరో చాకుతో గాట్లు పెట్టారు. కొన్నిచోట్ల ఒకటి, ఒకచోట జంటగా రెండు.

"ఇది ఆ బ్యాండు వెధవల పనే," అని తీర్మానించేశాడు. "మామగారు ఏమీ అనరని అలుసు. ఆయన అటు లేవగానే ఇటు కూర్చుని చెక్కేసుంటారు. పైగా కళాకారులట! చేతిలో వస్తువుని శుభ్రంగా ఉంచుకోవడం రాదు గానీ, కళ ఒకటి!"

మేడమీద అద్దెకుంటున్న లెక్కల మాస్టారు కాఫీ కప్పుతో వచ్చి వంగి చూశాడు.

"గాట్ల మధ్య దూరం చూడండి, పోనుపోను తగ్గుతోంది. ఏదో లెక్క మీదే పెట్టినట్టున్నారండీ."

"మీకు అరిగిపోతున్న సబ్బులో కూడా లెక్కే కనిపిస్తుంది మాస్టారూ. ఇది తాగుబోతుల లెక్క."

మాస్టారు కప్పు పట్టుకుని మేడెక్కాడు.

అల్లుడు దారం కోసి చెత్తబుట్టలో పారేశాడు. అగ్గిపుల్ల పీకాడు. జిగురు బొట్టు గోకేశాడు. గాట్లలో లప్పం నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ నింపి, మళ్ళీ రుద్దాడు. షోరూమ్ నుంచి తెచ్చిన ఎర్రరంగు పూత మీద పూత కొట్టాడు. ప్రతి పూతకీ బల్ల మీద చెంప ఆనించి, టార్చిలైటు వేసి, ఏటవాలుగా చూశాడు. వేలు పెడితే జారిపోయేంత నునుపు తేలింది. రెండు నాబులూ కవలపిల్లల్లా మెరిశాయి. ఏది ఏదో అతనే ఓసారి తికమకపడ్డాడు.

భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, అయిందా? నాన్న పొద్దున్నుంచీ ఒకటే అడుగుతున్నారు. చెయ్యి అలవాటు చేసుకోవాలట, ఒకరోజు ముందే తెచ్చివ్వమంటున్నారు."

"రంగు ఆరద్దూ? నేరుగా హాలుకే తెస్తానని చెప్పు."

"రంగేంటండీ? సౌండొస్తే చాలన్నారుగా!"

"నువ్వూరుకో. అలాంటి చింకి సరుకుతో పదిమందిలో కూర్చుంటే పరువెవరిది పోయేది? మీ నాన్నకి తెలీదు గానీ, ఆ వెధవలంతా చాటున నవ్వుతారు."

ఆమె ఇంకేదో అనేలోపే ఫోన్ పెట్టేశాడు.

కచేరీ సాయంత్రం హాలు కిటకిటలాడింది. అల్లుడు కావాలనే ఆఖరి నిమిషంలో వచ్చాడు. తెర వెనక పెట్టె తెరిచి, గిటార్ పైకెత్తి, పాత బ్యాండువాళ్ళ మొహాల ముందు అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్కడైనా ఒక్క గీత చూపించండి చూద్దాం!"

డ్రమ్స్ వాయించే పెద్దాయన దాని మెడ అంచున వేలితో రాసి చూశాడు. ఇంకోసారి రాశాడు. మొహం పాలిపోయింది.

"ఇదేం పనయ్యా..." అన్నాడు.

సిగ్గేసింది కాబోలు, బాగా అయింది, అనుకున్నాడు అల్లుడు. అతనికి కడుపు నిండిపోయింది.

ఇక వ్యవధి లేదు. తెర లేస్తోంది. మొదటి పాట మామగారి గిటార్ ఒక్కదానితోనే ఎత్తుకోవాలి. ఆయన పలికిస్తేనే తక్కినవాళ్ళు అందుకుంటారు. కూతురి చెయ్యి పట్టుకుని మామగారు వేదిక మీదికి వచ్చారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన కుర్చీలో సర్దుకుని రెండు చేతులూ చాచారు. అల్లుడు గర్వంగా వంగి గిటార్‌ను ఆయన ఒళ్ళో పెట్టాడు.

పుట్టుకతోనే చూపు లేని మామగారు గిటార్ మెడను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రెండుసార్లు తడిమి, "ఇదెవరిదో చాలా బాగుంది బాబూ, మరి నాదేదీ?" అన్నారు.